ముందు వరస

నాయుడుపేటలో మా నాన్నది చిల్లర కొట్టు.
కొత్త సరుకు దిగిన రోజు నాకొకటే పని,
పాత సబ్బులు ముందుకి, కొత్తవి వెనక్కి.
"ముందొచ్చింది ముందు పోవాలమ్మా,
లేకపోతే మనమే తినాల్సొస్తుంది" అనేవాడు.
అయినా కడుపుతో ఉన్న మనిషెవరన్నా వచ్చి
కందిపప్పు అడిగితే
ఆయన చెయ్యి ఆయనకి తెలీకుండానే
వెనక వరసలోకి పోయేది.

ఇప్పుడు కీళ్పాక్‌లో, ఆస్పత్రి కింది అంతస్తులో,
నాలుగు డిగ్రీల చలిలో నేను సర్దేది నెత్తురు.
అదే లెక్క. పాతది ముందు.
ఒక్కో సంచికి నలభై రెండు రోజుల ఆయుష్షు,
అయ్యప్ప మాల వేసుకున్నవాడి దీక్ష కన్నా
ఒక్క రోజు ఎక్కువ.
ఊరేకొద్దీ రుచొచ్చే సరుకు కాదిది.
మొదటి వారం దానిమ్మ గింజ,
ఐదో వారానికి నేరేడు పండు.
లోపల్లోపల పులుస్తుంది.
కణాలు గుండ్రటి అంచులు పోగొట్టుకుని
ముళ్ళు మొలిపించుకుంటాయి,
కొన్ని పగిలి ఇనుము వదిలేస్తాయి.
ఇనుమంటే క్రిములకి విందు అని ఒకరు,
అదేం లేదు, పెద్ద లెక్కల్లో తేడా కనపడలేదని ఇంకొకరు,
పైన డాక్టర్లు టీ తాగుతూ వాదించుకుంటారు.
నేను కింద తేదీలు చదువుకుంటాను.

ఆ రాత్రి కిటికీలోంచి చీటీ వచ్చింది.
ఏడో నంబరు మంచం, పెంచలయ్య, బైపాస్,
ఓ పాజిటివ్, రెండు సంచులు.
వెనకే ఆయన భార్య చెంగమ్మ.
వార్డు బాయ్‌తో తమిళంలో తడబడి, తడబడి,
నా మెడలో కార్డు చూసి ఆగింది.
"నువ్వు తెలుగామ్మా?"
అంతే.
"మంచిది చూసి ఇయ్యి తల్లీ" అంది,
బండి దగ్గర వంకాయలు ఏరుకునే మనిషిలాగా.

ముందు వరసలో ముప్పై తొమ్మిదో రోజువి రెండున్నాయి.
వేళచ్చేరి మునిగిన వానల్లో
అంబత్తూరు ఫ్యాక్టరీ శిబిరంలో పట్టినవి.
తడిసిన బూట్లతో వచ్చిన కుర్రాడొకడు
మొదటిసారి అక్కా అని నవ్వుతూ వణికాడు.
వీటిలో ఒకటి వాడిదేనేమో.
సంచి మీద పేరుండదు, అంకె ఉంటుంది.

నా చెయ్యి వెనక్కి పోయింది.
ఐదో రోజువి తీశాను. క్రాస్ మ్యాచ్ కలిసింది.
రిజిస్టరులో సంతకం పెట్టాను.
ఎవరూ చూడలేదు. ఫ్రిజ్ మాత్రం
తలుపు వెయ్యడం ఆలస్యమైందని ఒక్కసారి కూసింది.

తెల్లారుజామున ఇంకో చీటీ.
తొమ్మిదో మంచం, లూర్దు మేరి, గుండె కవాటం మార్పిడి.
రాయపురంలో చేపలమ్మే మనిషట.
వెంట ఎవరూ లేరు.
అడిగే నోరు లేదు కాబట్టి
నా చెయ్యి రూలు పాటించింది.

నాలుగో రోజు ఒకరికి జ్వరమన్నారు,
రొమ్ము ఎముక మీద కుట్ల దగ్గర ఎర్రగా, చీముతో.
ఎవరికని అడగలేదు.
మెట్లెక్కేటప్పటికే పేరు ఖాయం చేసుకున్నాను.
పోయి చూస్తే
లూర్దు మేరి కూచుని ఇడ్లీ తింటోంది,
సాంబారు నీళ్ళలా ఉందని నర్సుని కడుగుతోంది.

జ్వరం పెంచలయ్యకి.

చెంగమ్మ నన్ను చూసి లేచి నిలబడింది.
"నువ్విచ్చిన నెత్తురే తల్లీ
ఆయన్ని ఈ మాత్రమన్నా నిలబెట్టింది."
షుగరు వల్ల కావచ్చు.
గొట్టం వల్ల, ఎవరో సబ్బు మర్చిపోయిన చేతి వల్ల కావచ్చు.
రెండు మంచాలతో ఏ లెక్కా తేలదని
చదువుకున్నదాన్ని, నాకు తెలుసు.
నేను తప్పించుకున్నానో, దొరికిపోయానో
అది మాత్రం తెలీదు.

ఇచ్చిన ప్రతి సంచి గొట్టంలోంచి
వేలెడు ముక్క కోసి ఏడు రోజులు దాచాలి,
ఏదన్నా అయితే వెతుక్కోడానికి.
ఆ ముక్కలు స్టాండులో పక్కపక్కనే ఉన్నాయి,
దానిమ్మ, నేరేడు.
ఏడో రోజు మొన్ననే దాటింది.
పారెయ్యలేదింకా.

కిటికీ దగ్గర ఎవరో దగ్గారు.
తలెత్తకుండా
చీటీ కోసం చెయ్యి చాపాను.